గుమాస్తా బల్ల దగ్గర: కోర్టుకు వెళ్ళని లాయరమ్మ

ఉగాదినాడు మన సంఘం హాలులో పచ్చడి పంచుతూ వుండగా ఒక పెద్దామె నన్ను స్తంభం చాటుకు పిలిచి, గొంతు తగ్గించి వొక ప్రశ్న వేశారు.

"నాయనా, నెలనెలా ఆఫీసు కబుర్లు రాస్తావు గదా, నీకు తెలిసే వుంటుంది. మా మనవరాలు అయిదేళ్ళు లా చదివింది. ఏదో కంప్యూటర్ల కంపెనీలో లాయరుగా చేరింది. జీతం బాగానే వుంది. కాని కోటు లేదు, గౌను లేదు, కోర్టు మొహం చూసి రెండేళ్ళయింది. పొద్దస్తమానం కుర్చీలు కొన్న కాగితాలూ, కంప్యూటర్లు కొన్న కాగితాలూ చదువుతానంటుంది. రేపు పెళ్ళివారు వచ్చి 'అమ్మాయి లాయరా, మరి యే కోర్టు?' అంటే యేం చెప్పేది?"

అక్కడే జవాబు చెప్పబోయాను గాని, వెనక నించి పులిహోర గంగాళం వచ్చిపడి యిద్దరం చెరోవైపుకీ తప్పుకోవలసి వచ్చింది. ఆ బాకీ యీ నెల యిక్కడ తీర్చుకుంటున్నాను.

నేను లా చదివినవాణ్ణి కాను. ఎస్సెల్సీతో చదువు చాలించి, యీ బెంగుళూరులోనే వొక టెక్నాలజీ కంపెనీలో తపాలా అందించే కుర్రాడుగా చేరి, యిరవై రెండేళ్ళకు కొనుగోళ్ళ విభాగంలో గుమాస్తా దాకా వచ్చాను. మా బల్లలకు ఎదురుగా గాజు గదిలో కూర్చునేది మా లాయరమ్మ గారు. మండ్య వైపు కన్నడిగురాలు. వయసులో నాకంటె పదేళ్ళు చిన్న. కంపెనీ యేది కొన్నా సరే, వెయ్యిమంది ఇంజనీర్లు వాడే సాఫ్ట్‌వేరు కావచ్చు, క్యాంటీనుకు గ్రైండరు కావచ్చు, ఒక మొత్తం దాటిందంటే దాని కరారు ఆవిడ కళ్ళముందు నించే పోవాలి. నా పని ఆ కాగితం ఆవిడకు చేర్చడం, తిరిగి తెచ్చి సంతకానికి పెట్టడం, ఆపైన భద్రంగా దాచడం. కాబట్టి ఆవిడ పని నాకు తెలుసు అనడం పల్లకీ మోసినవాడికి పెళ్ళి తెలుసు అన్నంత మాత్రమే నిజం. అయినా మోసినవాడికి కొంత తెలుస్తుంది సుమండీ. భుజం నొప్పి అతనిదే గదా.

ముందు కోటు సంగతి. మా లాయరమ్మ గారూ వొకప్పుడు సన్నదు పుచ్చుకుని, యీ వూరి సివిల్ కోర్టులో రెండేళ్ళపాటు సీనియరు వెనక ఫైళ్ళు మోసినావిడే. కాని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వకీళ్ళకు పెట్టిన నియమాలలో 49వది వొకటున్నది. పూర్తికాలపు జీతానికి వొకరి దగ్గర కుదురుకున్న మనిషి వకీలు వృత్తి చెయ్యకూడదు. ఉద్యోగంలో చేరగానే ఆ సంగతి బార్ కౌన్సిలుకు తెలియజేసి వృత్తి ఆపుకోవాలి. అంచేత కోటు బీరువాలో పెట్టారు. కంపెనీకి దావా వస్తే బయటి వకీలును పెట్టుకుంటారు; ఆయనకు కావలసిన కాగితాలు వరసగా పేర్చి యిచ్చేది మాత్రం ఈవిడ.

కోటుతోబాటు మరొకటి కూడా పోయింది. క్లయింటు వకీలుతో చెప్పుకున్న మాట వకీలు బయటపెట్టకూడదని చట్టం రక్షణ యిస్తుంది గదా? 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆ రక్షణ కోర్టుల్లో వృత్తిచేసే వకీళ్ళదేగాని, కంపెనీల్లో జీతానికి వుండే లాయర్లది కాదని తీర్పు చెప్పింది. కంపెనీ బయటి వకీలుతో అన్న మాటకు తెర వున్నది. లోపలి లాయరుతో అన్న మాటకు ఆ తెర లేదు. ఆ మరునాటి నించి మా లాయరమ్మ గారు ఈమెయిళ్ళు యింకా పొట్టివి చేశారు. "రేపు జడ్జిగారి ముందు చదివినా సిగ్గుపడనిదే రాయండి" అని మా అందరికీ వొక మాట చెప్పారు. మా మేనేజరుగారు ఆ వారమంతా ఫోనులోనే మాట్లాడారు.

ఇక ఆవిడ చేసేదేమిటంటారా? ఒక్క ముక్కలో చెప్పాలంటే, అందరూ చదవకుండా సంతకం పెట్టేదాన్ని ఆవిడ చదువుతారు. కాగితం తీసుకెళ్ళి బల్లమీద పెట్టగానే ఆవిడ అడిగే మొదటి మాట "ఓదిదీరా?" చదివారా, అని. మొదట్లో నాకు వొళ్ళు మండేది. గుమాస్తా చదవడమేమిటి, మోస్తాడు గాని!

చదవడమెందుకో నాకు తెలిసివచ్చింది 2019లో. అప్పటికింకా ఈవిడ చేరలేదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు వొకటి ఏడాది కరారుమీద తీసుకున్నాం. ఏడాది తిరిగేలోపల ఇంజనీర్లు అది తమకు అక్కరలేదన్నారు. సరే, బిల్లు వచ్చినప్పుడు వద్దందాములే అని నేను నిశ్చింతగా వున్నాను. బిల్లు వచ్చింది, వద్దన్నాను. అవతలివారు మర్యాదగానే పద్నాలుగో పేజీ చూడమన్నారు. గడువుకు 60 రోజులు ముందుగా వద్దని రాతమూలకంగా చెప్పకపోతే, కరారు దానంతటదే మరొక ఏడాదికి సాగుతుందని అక్కడ వున్నది. ఆ కాగితం నా బీరువాలో, నా చేతి అక్షరాలతో పేరు రాసిన అట్టలోనే వుంది. ఎవరూ తెరవని సాఫ్ట్‌వేరుకు కంపెనీ పదకొండు లక్షలు కట్టింది. నాకు ఆ ఏడు ఇంక్రిమెంటు ఆగింది. మా పెద్దవాడి కాలేజీ ఫీజుకు మా ఆవిడ గాజులు బ్యాంకుకు వెళ్ళినది ఆ ఏడే.

లాయరమ్మ గారు చేరిన వారంలోనే ఈ కథ ఎవరో చెప్పినట్టున్నారు. నాచేత వొక గడువుల పట్టిక తయారుచేయించారు. ప్రతి కరారుకూ ఎప్పుడు ముగుస్తుంది, వద్దనాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, అని మూడు గళ్ళు. ప్రతి సోమవారం నేను అది తీసుకుని ఆవిడ గదికి వెళతాను. అయిదు నిముషాల పని. ఆ అయిదు నిముషాలవల్ల ఎంత డబ్బు మిగిలిందో లెక్క కట్టేందుకు వీలులేదు, ఎందుకంటే జరగనిదానికి బిల్లు రాదు. ఈ పనిలో వున్న చిక్కు అదే. బాగా జరిగితే ఏమీ జరిగినట్టుండదు. బేరమాడి లక్ష తగ్గించిన కొనుగోలుదారుకు సంవత్సరాంతాన చప్పట్లు కొడతారు. పద్నాలుగో పేజీలో రెండు పంక్తులు కొట్టేసిన మనిషిని "కాగితం నాలుగు రోజులు ఆపింది" అంటారు. అన్నవారిలో నేనూ వున్నాను; దాచడమెందుకు?

ఆవిడ చూసేవన్నీ నేను చెప్పలేను గాని, కొన్ని చెబుతాను. మన సరుకు ఆలస్యమైతే అవతలివారు యింత కట్టాలని రాస్తారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఎంత పెద్ద అంకె వేసినా కోర్టు యిప్పించేది దానికి లోబడి న్యాయమైన నష్టపరిహారమేగాని, ఆ అంకె మొత్తం దానంతటదే రాదు. కాబట్టి బెదిరింపు అంకెలు ఆవిడ వెయ్యనివ్వరు. మన వుద్యోగుల వివరాలు జీతాల లెక్కలు చూసే బయటి కంపెనీకి యిస్తాం. అక్కడ అవి పోతే జవాబు చెప్పవలసింది మనమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో గరిష్ఠ జరిమానా 250 కోట్ల దాకా రాసివున్నది. కరారు లేకుండా ఆ పని బయటివారికి యివ్వనేకూడదు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చిన తరువాత మరొక ప్రశ్న కలిసింది: మన కాగితాలతో వాళ్ళ యంత్రానికి పాఠాలు చెప్పుకుంటారా, చెప్పుకోరా? ఇంజనీరు కుర్రవాళ్ళు తెరమీద "ఒప్పుకుంటున్నాను" అనే మీట నొక్కేసి, "ఉచితమే గదండీ" అంటారు. నొక్కినా కరారే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకున్నంత మాత్రాన కరారు చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలో 10ఏ సెక్షను 2009 నించి అమల్లో వున్నది.

మరొక తమాషా చూశాను. విదేశపు పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీ కరారు వచ్చిందనుకోండి, మా లాయరమ్మ గారు వాళ్ళకు అర్జీదారు. తగువు వస్తే వాళ్ళ దేశంలో, వాళ్ళ చట్టం ప్రకారమే తేలాలంటారు, తమవల్ల ఎంత నష్టమైనా ఏడాది అద్దెకు మించి యివ్వమంటారు, అక్షరం మార్చమంటారు. ఈవిడ రాత్రి తొమ్మిదింటికి ఫోను పట్టుకుని వాళ్ళను బతిమాలి రెండు ముక్కలు సాధిస్తే అదే గొప్ప. మరునాడు పొద్దున్నే మాకు సరుకు అమ్మే చిన్నవాడు వస్తాడు. అప్పుడు కాగితం మాది. అక్షరం మార్చనిది మేము. పెద్దవాడు యెవడైతే కాగితం వాడిది.

కిందటి ఏడు శ్రావణమాసంలో అలా వొకాయన వచ్చారు. హిందూపురం వైపు మనిషి. పీణ్యలో అద్దె షెడ్డు, రెండు వెల్డింగు మిషన్లు, ఆరుగురు పనివాళ్ళు. కంప్యూటర్లు నిలబెట్టే యినప ర్యాకులు చేస్తారు. పని చూస్తే కళ్ళకద్దుకోవచ్చు. ఆయనకు బేరానికి సరిపడే కన్నడం వుంది, కాగితానికి సరిపడేది లేదు. ఇంగ్లీషు అసలు లేదు. మధ్యన మాట అందించడానికి నన్ను కూర్చోబెట్టారు. మా మేనేజరుగారు, లాయరమ్మ గారు ఒక వైపు. ఆయనా నేనూ ఒక వైపు. ఎందుకు ఆయన వైపు కూర్చున్నానో తెలియదు. కుర్చీ అక్కడ ఖాళీగా వుంది.

ముప్ఫై నాలుగు పేజీల కరారు ముందు పెట్టగానే ఆయన ఆఖరు పేజీ తిప్పి, "ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?" అన్నారు.

"ఓదిదీరా?" అన్నారు లాయరమ్మ గారు.

నేను తెలుగు చేశాను. ఆయన నవ్వి, "చదివితే ఆర్డరిస్తారా తమ్ముడూ, సంతకం పెడితే ఇస్తారా?" అన్నారు. అది నేను కన్నడం చెయ్యలేదు.

డబ్బు 90 రోజులకు యిస్తామని మా అచ్చు కాగితంలో వున్నదాన్ని లాయరమ్మ గారు అంతకుముందే కొట్టి 45 చేశారు. అది దయ కాదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న తరగతి వుత్పత్తిదారుకు సరుకు అంగీకరించిన నాటినించి 45 రోజులు మించి గడువు పెట్టుకోవడానికి వీల్లేదు. రాతకోతలు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నించి మరొక మెలిక కూడా పడింది: గడువులోగా చెల్లించని ఆ బాకీని కంపెనీ ఆ ఏటి ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడానికి లేకుండా పోయింది. ఈ ముక్కతో మా లెక్కల విభాగం దారికి వచ్చింది. కాని ఆ రక్షణ కావాలంటే ఆయనకు ఉద్యం రిజిస్ట్రేషను వుండాలి. అదేమిటన్నారాయన. ఎనిమిదేళ్ళుగా షెడ్డు నడుపుతున్న మనిషి! ఆధారు నంబరుతో, పైసా ఖర్చులేకుండా అయ్యే పని. నా ఫోనులో అప్పటికప్పుడే నింపాము. మనవాళ్ళలో చిన్న వర్కుషాపులు, తయారీలు పెట్టుకున్నవారు యింకా చేయించుకోకపోతే, ఆర్డరు పుచ్చుకోకముందే చేయించుకోండి. ఏ దళారీకీ రూపాయి యివ్వకండి.

అంతవరకూ బాగానే జరిగింది. పదకొండో క్లాజు వచ్చింది.

ర్యాకు పడిపోయినా, బిగించేటప్పుడు ఆయన కుర్రాడు ఏ వైరో లాగి యంత్రాలు ఆగినా, కంపెనీకి కలిగే యావత్తు నష్టానికీ ఆయనదే పూచీ. హద్దు లేదు. ఆర్డరు మొత్తం తొమ్మిది లక్షలు. మా యంత్రాలు ఒకరోజు ఆగితే నష్టం కోట్లలో వుంటుంది. లాయరమ్మ గారు అది దాచకుండా విడమర్చి చెప్పారు. నేను తెలుగులో చెప్పాను. ఆయన తల వూపుతూ, "అట్లాగే, అట్లాగే" అంటున్నారు. ఆ తల వూపడం నాకు తెలుసు. మా నాయన చిట్‌ఫండు కాగితాలమీద సంతకాలు పెట్టేటప్పుడు అట్లాగే వూపేవారు.

ఇక్కడ నాకు మాత్రమే తెలిసిన సంగతి వొకటున్నది. ముందురోజు లాయరమ్మ గారి నోటును మేనేజరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. "పూచీకి ఆర్డరు విలువ దాకా హద్దు పెట్టవచ్చు" అని ఆవిడ రాస్తే, పక్కన మేనేజరుగారు "అడిగితే చూద్దాం" అని రాశారు. అడగాలని ఈయనకు తెలియదు. చెప్పకూడదని నాకు తెలుసు.

పదకొండో క్లాజు అనువాదం పూర్తిచేసి, ఆఖరున అదే గొంతుతో, అదే వరసలో, "అన్నా, దీనికి హద్దు అడగండి" అనేశాను.

ఆయన వొక్క క్షణం నా మొహం చూసి, తరువాత లాయరమ్మ గారి వైపు తిరిగి తన బేరపు కన్నడంలో హద్దు కావాలన్నారు. మేనేజరుగారు లాయరమ్మ గారిని చూశారు. ఆవిడ ఏమీ తడుముకోకుండా, ఆర్డరు విలువ దాకా హద్దు, దానితోబాటు ఆయన పని జరిగినన్నాళ్ళూ ఒక ఇన్సూరెన్సు పాలసీ, అని రాశారు. కరారు యింటికి తీసుకెళ్ళి తెలిసినవారెవరికైనా చూపించుకుని ఎల్లుండి తెమ్మన్నారు. మూడోనాడు సంతకాలయ్యాయి.

ఆ సాయంత్రమే ఆవిడ నన్ను గాజు గదిలోకి పిలిచారు. తలుపు వేసి, కొంచెం కన్నడపు యాసతో, "అన్నా, నాకు తెలుగు వస్తుంది. చిన్నప్పుడు మా పక్కింటివాళ్ళు కడపవాళ్ళు" అన్నారు.

నాకు కాళ్ళు ఆడలేదు.

"ఆ నోటు కంపెనీది. నేను ఆయన లాయర్ని కాను. నువ్వు ఆయన గుమాస్తావు కాదు" అన్నారు. కోపంగా అనలేదు, పేజీ నంబరు చెప్పినట్టు అన్నారు.

కొంతసేపటికి ధైర్యం చేసి, "మరి మీరు అప్పుడే ఎందుకు అనలేదు మేడం?" అన్నాను.

"హద్దులేని పూచీ ఆయన రాసిస్తే మనకు వచ్చేదేమిటి? షెడ్డు అద్దెది. రేపు అయిదు కోట్ల నష్టం వస్తే ఆయన రాత్రికి రాత్రి వూరు విడిచి పోతాడు. ఇన్సూరెన్సు కంపెనీ ఎక్కడికీ పోదు. కంపెనీకి మంచిది యిదే. అందుకే నోటు రాశాను. నీ మాట నా సలహాకు సరిపోయింది కాబట్టి నేను వూరుకున్నాను. సరిపోకపోతే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తిరిగి నేనే అడిగాను: "ఆయన అడగకపోతే మీరేం చేసేవారు?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రెండురోజులు గడువిచ్చి, నీ సొంత వకీలుకు చూపించుకో అని చెప్పేదాన్ని. ఆ మాట నేను ఎవరికైనా చెప్పవచ్చు. అంతకుమించి చెప్పడానికి నాకు హక్కు లేదు." ఒక్క నిముషం ఆగి, "ఆయన ఏ వకీలు దగ్గరికీ వెళ్ళివుండేవాడు కాదు, నాకు తెలుసు" అన్నారు.

ఫిర్యాదు రాయలేదు. కాని ఆనాటి నించి తెలుగు వెండర్లు ఎవరు వచ్చినా నన్ను పిలవడం లేదు. ఆవిడే ఆ యాసతో తెలుగు మాట్లాడుకుంటారు. గాజు తలుపు అవతల నించి చూస్తూ నేను ఫైళ్ళు కడతాను. సోమవారం గడువుల పట్టిక మాత్రం యథాప్రకారం. మా ఆవిడ నేను చేసింది ధర్మమే అంటుంది. మా పెద్దవాడు, "నాన్నా, నీ ఆఫీసు రహస్యం నేనైతే చెప్పివుండేవాణ్ణి కాదు" అన్నాడు. వాడికీ యిప్పుడు ఉద్యోగం వచ్చింది.

పెద్దమ్మ గారూ, పెళ్ళివారు అడిగితే కోర్టు పేరు చెప్పనక్కరలేదు. రోజూ నలభై పేజీలు చదువుతుందనీ, ఇంట్లో యెవరి అద్దె కాగితమైనా, బ్యాంకు కాగితమైనా సంతకానికి ముందు దాని చేతికిస్తే అర్థమయ్యేట్టు చెబుతుందనీ అనండి. అయితే తన కంపెనీ సంగతులు మాత్రం మీకైనా చెప్పదు. చెప్పలేదని మనసు కష్టపెట్టుకోకండి.

ర్యాకుల ఆయనకు డబ్బు 41వ రోజున బ్యాంకులో పడింది. మరునాడు పాలకోవా పొట్లంతో మా ఆఫీసుకు వచ్చారు. వెండర్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని మా కంపెనీ నియమం. అది రాసింది కూడా లాయరమ్మ గారే. లిఫ్టు దగ్గరే నిలబెట్టి రెండు మాటలు మాట్లాడి పంపించాను. పొట్లం గేటు దగ్గరి సెక్యూరిటీ కుర్రవాడికి యిచ్చి వెళ్ళారట.